పాత కాలిక్యులేటర్లను తూకానికి వేయకండి

వేదిక మీదున్న పెద్దలకు, ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం. శాలువాల సంగతి తర్వాత చూద్దాం. ముందు నా బాధ ఒకటి చెప్పుకోనివ్వండి.

నేను పనిచేసిన కాలేజీలో ల్యాబు మార్చేటప్పుడు బీరువాలోని పాత కాలిక్యులేటర్లన్నీ ఇనప సామాన్లతో కలిపి తూకానికి అమ్మేశారు. అందులో ఒక హెచ్‌పీ-35 ఉంది. అమ్మేముందు ఒక్కరైనా దాని మూత విప్పి చూడలేదు.

అదేమన్నా మామూలు వస్తువా? 1972లో అమెరికాలో హ్యూలెట్-పాకార్డ్ కంపెనీ తెచ్చింది. ధర 395 డాలర్లు. బల్ల మీద పెట్టుకునే తమ పెద్ద యంత్రాన్ని చొక్కా జేబులో పట్టేలా చేయమని బిల్ హ్యూలెట్ పట్టుబట్టాడు. 35 మీటలున్నాయి కాబట్టి ఆ పేరు. స్లైడ్ రూలు అనే లెక్కల స్కేలు జరుపుకుంటూ మూడంకెల దాకా లెక్క తేల్చుకునే ఇంజినీర్ల చేతికి సైన్, కాస్, లాగ్ పదంకెలతో వచ్చాయి.

లోపల ఉన్న ప్రోగ్రామంతా 768 ఆదేశాలు. ఇంకోసారి చెప్తున్నాను, 768! మూడు మెమరీ చిప్పుల్లో ఒక్కోదానికి 256. మీటల పని, వర్గమూలం, లాగరిథమ్, త్రికోణమితి అన్నీ అందులోనే. గుణకారానికి విడిగా సర్క్యూటే లేదు. దీని లెక్కల పద్ధతులు రాసిన హెచ్‌పీ ఇంజినీరు డేవిడ్ కోక్రన్ ఏం చేశాడంటే, త్రికోణమితి లెక్కకు ఇచ్చిన కోణంలోంచి టాంజెంట్ 1, 0.1, 0.01 అయ్యే కోణాలను వరుసగా తీసేయించాడు. ఆ దారిలో చేయాల్సిందల్లా అంకెలను పక్కకు జరపడం, కూడడం, తీసేయడం. విమానాల్లో దారి లెక్కలకోసం జాక్ వోల్డర్ కనిపెట్టి, 1959లో అచ్చువేసిన పద్ధతికి ఇది చుట్టమే.

ఇక బ్యాటరీ తొందరగా అయిపోతుందన్న బెంగ. అంకెలు చూపించే చిన్న ఎర్ర దీపాలకు, అంటే ఎల్‌ఈడీలకు, రెసిస్టర్ గుండా కరెంటిస్తే చాలా భాగం వేడిగా పోతుంది. అందుకని చిన్న కాయిల్‌లో కరెంటు నింపి, దాన్ని ఎల్‌ఈడీలోకి వదిలారు. అంకెలు కూడా ఒక్కొక్కటే వెలిగి ఆరతాయి, మన కంటికి అన్నీ వెలుగుతున్నట్టే ఉంటుంది. ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ అదే ఏడాది తన ‘ఎగ్జిక్యూటివ్’ అనే కాలిక్యులేటర్‌లో ఏకంగా చిప్పుకే కరెంటు క్షణక్షణం ఆపి, మళ్ళీ ఇచ్చాడు. ఆ సందులో చిప్పులోని అంకెలు చెరిగిపోవు. ఎంత తెగువండీ అది!

నేను ఇంకా చాలా చెప్పాలనుకున్నాను గానీ, ముందు మీరు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో, ఆఫీసులో ఇలాంటి పాతది ఉంటే ఈ రాత్రికే సెల్స్ తీసేయండి. పాత నికెల్-కాడ్మియం సెల్స్ కారి, ఆ క్షారం బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. అప్పుడు చిప్పు బాగున్నా యంత్రం పలకదు.

పిల్లలూ, నా దగ్గరున్న ఒకటి మూత తీసి ఆ బల్ల మీద పెట్టాను. పక్కనే భూతద్దం ఉంది. వరుసగా వచ్చి కాయిల్స్ ఎక్కడున్నాయో వెతకండి.