ఊరుబిండిలో మిరపకాయ

శ్రోతలకు నమస్కారం. మన చిత్తూరు వైపు రాగి సంగటి పెట్టుకుంటే పక్కన శెనక్కాయలు, మిరపకాయలు వేసి నూరిన పచ్చడి, అదే ఊరుబిండి, లేకుండా ముద్ద దిగదు. అందులో పడే మిరపకాయ నాలుకకేనా, ఒంటికీ ఏమైనా చేస్తుందా అన్నది ఈ రోజు చూద్దాం.

పచ్చిమిరపకాయలో సి విటమిన్ దండిగా ఉంటుంది, తూకానికి తూకం నారింజ కన్నా ఎక్కువే. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ ఈ విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీసింది మిరప జాతి కాయల నుంచే. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. అయితే నారింజ పండు మొత్తం తినేస్తాం, మిరపకాయలు గుప్పెడు ఎవరు నములుతారు? పైగా వేడికి, ఎండకు ఈ విటమిన్ తగ్గిపోతుంది. అందుకే తాలింపులో మాడిన కాయ కన్నా సంగటితో కొరుక్కునే పచ్చికాయే నయం.

పండి ఎర్రబడ్డ కాయలో బీటా కెరోటిన్ ఉంటుంది. ఒంట్లో అది ఎ విటమిన్‌గా మారుతుంది, కానీ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె, కొవ్వు తోడుండాలి. ఊరుబిండిలో శెనక్కాయలు ఎటూ ఉన్నాయి, ఆ పని అవి చూసుకుంటాయి.

ఇక కారం సంగతి. అది గింజల్లో ఉంటుందనుకుంటాం. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది, పేరు క్యాప్సైసిన్. అది నాలుకను కాల్చదు. వేడిని పసిగట్టే నరాలను తట్టి, కాలుతున్నట్టు మెదడుకు కబురు పంపిస్తుంది. ఇది ఎలా జరుగుతుందో 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. ఆ నరాలను పదే పదే తడితే నొప్పి చెప్పడం తగ్గించేస్తాయి. కీళ్ళనొప్పులకు వాడే కొన్ని పూతమందుల్లో క్యాప్సైసిన్ ఉండేది అందుకే. అలాగని వంటింట్లో కారప్పొడి తీసి మోకాలికి రుద్దకండమ్మా, చర్మం బొబ్బలెక్కుతుంది.

కారం తింటే కడుపులో పుండు పడుతుందని పెద్దవాళ్ళు భయపెడతారు. ఎక్కువ పుండ్లకు కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, లేదంటే అదేపనిగా మింగే నొప్పి మాత్రలు. కానీ పుండు ఉన్నవాళ్ళకు, గుండెల్లో మంట ఉన్నవాళ్ళకు కారం బాధ పెంచుతుంది, తగ్గించుకోవాల్సిందే. బీపీ ఉన్నవాళ్ళు ఊరమిరపకాయల దగ్గర ఆగాలి, వాటిలో ఉప్పు ఎక్కువ.

నోరు మండితే చెంబెడు నీళ్ళు తాగినా లాభం లేదు, క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. ఓ గరిటెడు పెరుగు తినండి. సెలవు.