పాలు పడని పసిబిడ్డ: మానిపించాక గిన్నెలో ఏముండాలి?

నమస్కారం. నేను విజయవాడలో పసిపిల్లల ఆహారం చూసే డైటీషియన్‌ని. ఏడాదిలోపు బిడ్డకు ఆవుపాల ప్రోటీన్ పడకపోతే ఏం చేయాలో ఈ వీడియోలో వివరిస్తాను. మా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది అప్పటికే పాలు మానిపించి వస్తారు. మరి ఆ పాలకు బదులు ఏం పెడుతున్నారని అడిగితే, గ్లాసుడు పలుచటి రాగిజావ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అలర్జీతో చిక్కిపోయిన పిల్లలకంటే, అలర్జీ పేరు చెప్పి పెట్టిన పత్యంతో చిక్కిపోయిన పిల్లలనే నేను ఎక్కువగా చూశాను.

ఆవుపాల అలర్జీ అని పేరుందే గానీ, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పోతపాలంటే చాలా ఇళ్లలో గేదె పాలే. చిట్టినగర్ మిల్క్ ప్రాజెక్ట్ నుంచి వచ్చిన ప్యాకెట్ అయినా, ఊళ్లో పాడి ఉన్నవాళ్లు పోసిన పాలైనా, ఈ విషయంలో తేడా ఏమీ ఉండదు. పాలలోని ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్, 20 శాతం వే (పాలు విరిగినప్పుడు నీళ్లలో మిగిలేవి) ప్రోటీన్లు ఉంటాయి. బిడ్డ శరీరం వీటిలో ఏదో ఒకదాన్ని, లేదా రెండింటినీ శత్రువుగా భావించి ఎదురుతిరగడమే ఈ అలర్జీ. గేదె పాలలోనూ మేక పాలలోనూ ఉండే ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లను చాలావరకు పోలి ఉంటాయి కాబట్టి, ఆవుపాలు పడని బిడ్డకు అవి కూడా సాధారణంగా పడవు. పాలు బాగా కాచినా కేసిన్ నిలిచే ఉంటుంది. తోడుపెట్టి పెరుగు చేసినా ప్రోటీన్ ఎక్కడికీ పోదు.

లాక్టోజ్ పడకపోవడం వేరు, ఇది వేరు. లాక్టోజ్ పాలలోని చక్కెర; దాన్ని అరిగించే ఎంజైమ్ తగ్గితే విరేచనాలు, కడుపు ఉబ్బరం వస్తాయి. ఏడాదిలోపు పిల్లల్లో ఇది ఎక్కువగా తీవ్రమైన విరేచనాల జబ్బు తర్వాత కొన్నాళ్లపాటు కనిపించి తగ్గిపోతుంది. అలర్జీ ఉన్న బిడ్డకు లాక్టోజ్ లేని పాలపొడి డబ్బా కొనిపెడితే ప్రయోజనం ఉండదు. చక్కెర తీసేసినా ప్రోటీన్ మొత్తం అందులోనే ఉంటుంది. మందుల షాపు కౌంటర్ దగ్గర జరిగే పొరపాట్లలో నాకు తరచుగా ఎదురయ్యేది ఇదే.

అలర్జీ రెండు రకాలుగా బయటపడుతుంది. మొదటి రకంలో పాలు కడుపులో పడిన కొన్ని నిమిషాల నుంచి రెండు గంటలలోపు ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, కళ్ల చుట్టూ ఉబ్బు, వాంతి కనిపిస్తాయి. పిల్లికూతలు వచ్చినా, బిడ్డ సోలిపోయినా, మొహం పాలిపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అలాంటి స్థితిలో ప్రాణం నిలబెట్టే మందు తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. దద్దుర్లకు వేసే సిరప్ దానికి సాటిరాదు. రెండో రకం నెమ్మదిగా వస్తుంది. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజులకు, విరేచనంలో జిగటతో పాటు నెత్తురు చారలు, ఆగని విరేచనాలు, మాటిమాటికీ వాంతులు, చర్మం ఎర్రబడి దురదపెట్టే, తగ్గని ఎగ్జిమా, బరువు పెరగకపోవడం కనిపిస్తాయి. ఈ రెండో రకం రక్తపరీక్షలో గానీ చర్మపరీక్షలో గానీ దొరకదు. అందువల్ల రిపోర్టు నార్మల్ అని ఉన్నంత మాత్రాన అలర్జీ లేదని చెప్పలేం. పరీక్షలో పాజిటివ్ వచ్చినా బిడ్డకు లక్షణాలేవీ లేకపోతే దాన్నిబట్టి పాలు మానిపించడమూ సరికాదు.

సుమారుగా వందమంది పసిపిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఈ అలర్జీ ఉంటుందని అంచనా. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో ఇది ఇంకా తక్కువ, దాదాపు రెండు వందల మందిలో ఒకరికి. కానీ పాలు కక్కే పిల్లలు, సాయంత్రం అయ్యేసరికి ఏడుపు లంకించుకునే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. కక్కినా బరువు చక్కగా పెరుగుతూ, హుషారుగా ఆడుకుంటున్న బిడ్డకు అలర్జీ ముద్ర వేయవద్దని నా మనవి.

గుంటూరు దగ్గరి ఒక ఊరి నుంచి పుట్టింట్లో ఉన్న బాలింత ఒకావిడ, మూడు నెలల పాపను ఎత్తుకుని తన తల్లితో కలిసి వచ్చారు. పాప తల్లిపాలు మాత్రమే తాగుతోంది, పది రోజులుగా విరేచనంలో నెత్తురు చారలు కనిపిస్తున్నాయి. పాప అమ్మమ్మగారు నేను అడగకముందే, తప్పంతా కారానిదని తేల్చేశారు. మన ప్రాంతంలో బిడ్డకు ఏమైనా ముందు బోనెక్కేది మిరపకాయే. కారం మానిపించారు, పప్పు మానిపించారు, వంకాయ, గోంగూర అన్నీ మానిపించారు. పాలు బాగా పడాలని మాత్రం ఆ తల్లి చేత రోజుకు రెండు పూటలా పెద్ద గ్లాసుడు పాలు తాగిస్తున్నారు. తల్లి తాగిన పాలలోని ప్రోటీన్ అతి కొద్ది మోతాదులో, నానోగ్రాముల లెక్కలో, తల్లిపాలలోకి చేరుతుంది. కొందరు పిల్లల్లో లక్షణాలు రావడానికి ఆ కాస్త కూడా చాలు. పిల్లల వైద్యులు పాపను పరీక్షించి, మలద్వారం దగ్గర చీలిక, ఇన్ఫెక్షన్ వంటి వేరే కారణాలు లేవని చూశాక, తల్లి ఆహారంలో పాల పదార్థాలు మాత్రం పూర్తిగా ఆపించారు. మానేసిన పప్పు, కూరగాయలు, కారం మళ్లీ మొదలుపెట్టించాను. వారం తిరిగేసరికి నెత్తురు చారలు ఆగిపోయాయి.

అంతటితో అలర్జీ నిర్ధారణ అయినట్టు కాదు. రెండు నుంచి నాలుగు వారాలు పాలు ఆపి చూడాలి, లక్షణాలు తగ్గితే మళ్లీ పాలు ఇచ్చి అవి తిరిగి వస్తాయేమో చూడాలి. తగ్గిన జబ్బును మళ్లీ ఎందుకు కదపడమని ఇంట్లోవాళ్లు భయపడతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా ఈ రెండో అడుగు వేయకపోతే, దానంతట అదే తగ్గిన సమస్యకు పాలు కారణమని నమ్మి, ఆ తల్లీబిడ్డలు అనవసరంగా నెలల తరబడి పత్యం చేయాల్సి వస్తుంది. మొదటి రకం లక్షణాలు వచ్చిన బిడ్డకు మాత్రం ఈ పరీక్షను ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆసుపత్రిలో, వైద్యుల కళ్ల ముందే జరగాలి.

బిడ్డకు అలర్జీ అని తేలినా తల్లిపాలు ఆపాల్సిన పని లేదు. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత అదనపు ఆహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ఈ పిల్లలకూ వర్తిస్తుంది. తల్లి ఆహారం మాత్రం మారాలి. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్, కోవా స్వీట్లు మానాలి. నెయ్యి దగ్గర పేచీ వస్తుంది. నెయ్యి కొవ్వే అయినా అందులో పాల ప్రోటీన్ ఆనవాళ్లు మిగిలి ఉంటాయి కాబట్టి, వేడన్నంలో నూనె వేసుకోవడమే మంచిది. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. రాగులు, నువ్వులు, మునగాకు, తోటకూర, ముల్లుతో తినే చిన్న చేపలు దీనికి సాయపడతాయి. అయినా పాలు లేకుండా రోజూ ఆ లెక్క అందుకోవడం కష్టం. అందుకే వైద్యులు కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాస్తారు, అవి మానకుండా వేసుకోవాలి.

తల్లిపాలు చాలని, లేదా అసలు దొరకని బిడ్డకు ప్రోటీన్‌ను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములా ఇస్తారు. దీన్ని ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రోలైజ్డ్ ఫార్ములా అంటారు. దానికీ తట్టుకోలేని పిల్లలకు, అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకు, ప్రోటీన్ బదులు దాని మూల రూపమైన అమైనో యాసిడ్లతో చేసిన అమైనో యాసిడ్ ఫార్ములా ఉంది. పాక్షికంగా విడగొట్టిన ప్రోటీన్ ఉన్న డబ్బాలు ఈ చికిత్సకు పనికిరావు. సోయా ఫార్ములాను సాధారణంగా ఆరు నెలలు దాటాకే ఆలోచిస్తారు. పైగా పాలు పడనివారిలో కొందరికి సోయా కూడా పడదు. నేను ఏ డబ్బా పేరూ చెప్పను. శిశువుల పాలపొడికి ప్రచారం చేయడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది, అది మంచి చట్టమని నా అభిప్రాయం కూడా. ఈ ప్రత్యేక ఫార్ములాలు ఖరీదైనవి, చేదుగా ఉంటాయి, వాసన కూడా అంత బాగుండదు. ఖరీదు భరించలేక ఒక కొలతకు పోయాల్సిన నీళ్లకు రెట్టింపు పోస్తున్న ఇళ్లను నేను చూశాను. డబ్బాలో ఇచ్చిన చెంచాతోనే, చదునుగా గీసి, డబ్బా మీద రాసినన్ని నీళ్లతోనే కలపండి. డబ్బు ఇబ్బంది ఉంటే దాచకుండా వైద్యులకు చెప్పండి, నీళ్లు మాత్రం పెంచకండి.

గాడిద పాల సంగతి కూడా చెప్పాలి. మన వీధుల్లో గాడిదను తోలుకొచ్చి, అక్కడికక్కడే పితికి ఉగ్గుగిన్నెలో పోసి ఇస్తారు, ఆయాసం రాదని, గొంతు బాగుంటుందని చెబుతారు. గాడిద పాల ప్రోటీన్ తల్లిపాలకు కొంత దగ్గరగా ఉండే మాట నిజమే. కానీ వాటిలో కొవ్వు చాలా తక్కువ కాబట్టి బిడ్డ ఎదగడానికి కావలసిన శక్తి రాదు, కాచకుండా తాగించడం వల్ల ఇన్ఫెక్షన్ల ప్రమాదం ఉంటుంది. పసిబిడ్డకు వాటిని పట్టవద్దు.

ఇప్పుడు నా ముందున్న రెండు పాత్రలు చూడండి. ఈ స్టీలు గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల రాగిపిండి వేసి కాచిన జావ ఉంది. గ్లాసు వంచితే నీళ్లలా జారుతోంది. ఇందులో ఉన్న శక్తి సుమారు 32 కిలోకేలరీలు. ఇదే గ్లాసుడు తల్లిపాలలో 130 కిలోకేలరీలు దాటి ఉంటుంది. ఈ జావతో బిడ్డ పొట్ట నిండుతుంది, ఏడుపు ఆపి నిద్రపోతుంది, ఇంట్లోవాళ్లకు తృప్తిగా ఉంటుంది. బరువు మాత్రం పెరగదు. పక్కనున్న గిన్నెలో 20 గ్రాముల రాగిపిండిని అర గ్లాసు నీళ్లతో చిక్కగా ఉడికించి, ఒక చెంచా పొద్దుతిరుగుడు నూనె కలిపాను. చెంచా వంచినా ఇది గబుక్కున జారిపడదు. ఇందులో సుమారు 109 కిలోకేలరీలు ఉన్నాయి, పరిమాణమూ దాదాపు సగమే. రాగిలో కాల్షియం ఎక్కువన్నది నిజమే, 100 గ్రాముల పిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. కానీ పసిబిడ్డ పూటకు తినే 15, 20 గ్రాముల పిండితో అందేది 50 నుంచి 70 మిల్లీగ్రాములే. అందుకే తల్లిపాలను గానీ వైద్యులు రాసిన ఫార్ములాను గానీ రాగిజావ భర్తీ చేయలేదు. బాదం పాలు, బియ్యపు గంజి సంగతి కూడా ఇంతే.

ఆరు నెలలు నిండాక అన్నప్రాసన ఆపవద్దు. పరమాన్నం బదులు, కొబ్బరిపాలతో బెల్లం వేయకుండా వండిన మెత్తటి అన్నం నాకించినా ముహూర్తానికి లోటేమీ రాదు. తర్వాత పెసరపప్పు, కందిపప్పు కలిపి మెత్తగా ఉడికించిన అన్నం, చిలగడదుంప, గుమ్మడి, అరటిపండు, ముల్లు తీసిన చేప, బాగా ఉడికించిన గుడ్డు ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి. పాలు పడలేదు కదా అని గుడ్డు, వేరుశనగ కూడా ఏడాది దాకా ఆపేయడం మంచిది కాదు. వేరుశనగను గింజగా కాక, మెత్తటి ముద్దగా చేసి పలుచన చేసి పెట్టాలి. అయితే పాలకు మొదటి రకం లక్షణాలు వచ్చినా, ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా వీటిని వైద్యులను అడిగి మొదలుపెట్టండి.

ప్యాకెట్ ఏదైనా తెరిచే ముందు వెనక్కి తిప్పి చదవండి. పాలు ఉన్నట్టయితే ఆ సంగతి లేబుల్ మీద విడిగా రాయాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్, కేసినేట్, పాలపొడి అన్న మాటల్లో ఏది కనిపించినా ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి. బ్రెడ్, బిస్కెట్, డబ్బా సెరియల్ మాత్రమే కాదు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ పాలపొడి కలుస్తుంది. అంగన్‌వాడీ టీచరుకు బిడ్డ అలర్జీ సంగతి చెప్పి, నెలనెలా బరువు మాత్రం అక్కడే తూయించండి. ఎదుగుదల చార్టులోని బరువు గీత రెండు నెలలు వరుసగా కదలకపోతే మూడో నెల కోసం ఆగకండి.

ఈ అలర్జీ చాలామంది పిల్లల్లో మూడు నుంచి ఐదేళ్లు వచ్చేసరికి పోతుంది, రెండో రకం ఇంకా త్వరగా తగ్గుతుంది. అందువల్ల ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, పాలు పడుతున్నాయో లేదో వైద్యులు మళ్లీ చూస్తారు. రెండో రకం పిల్లలకు సాధారణంగా బాగా బేక్ చేసిన బిస్కెట్‌లోని పాలతో మొదలుపెడతారు, ఎందుకంటే గోధుమపిండితో కలిసి ఎక్కువసేపు వేడికి కాలిన పాల ప్రోటీన్‌ను ఎక్కువమంది తట్టుకుంటారు. ఆ తర్వాత కేకు, పాలు కలిపి పోసిన అట్టు, పెరుగు, చివరికి పాలు. ఒక మెట్టు మీద కొన్ని రోజులు నిలిచి, ఇబ్బంది లేకపోతేనే పై మెట్టు ఎక్కాలి. మొదలుపెట్టే రోజు బిడ్డకు జలుబు, జ్వరం, విరేచనాలు ఏవీ ఉండకూడదు. పొద్దున్నే పెట్టాలి, రాత్రి నిద్రకు ముందు వద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత ముక్క పెట్టారో, తర్వాత ఏం కనిపించిందో నోటు పుస్తకంలో రాసి, వైద్యుల దగ్గరకు వచ్చేటప్పుడు ఆ పుస్తకంతో పాటు ఆ బిస్కెట్ ప్యాకెట్ రేపర్ కూడా తీసుకురండి.