లాభం పుస్తకంలో ఉంది, పైసలేవి?

(నల్లగొండలో డిగ్రీ కామర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వర్కింగ్ క్యాపిటల్ అంటే రోజువారీ వ్యాపారం నడిపే పెట్టుబడి, దాని ఫార్ములా మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ప్రస్తుత ఆస్తుల్లోంచి (చేతి నగదు, సరుకు, రావాల్సిన బాకీలు) ప్రస్తుత అప్పులు (త్వరలో తీర్చాల్సినవి) తీసేస్తే వచ్చేది. పరీక్షకు అంత చాలు, రేపు దుకాణం పెట్టాలంటే మాత్రం చాలదు.

దుకాణం ఎందుకు మూసేశారని అడిగితే ‘లాస్ వచ్చింది’ అంటారు. నా లెక్కలో సగం జవాబే అది. లాభంలో ఉండి కూడా మూతపడేవి ఉన్నాయి. సరుకు అమ్ముడుపోతుంది, పుస్తకంలో లాభం కనిపిస్తుంది, వారం మజూరీ ఇద్దామంటే గల్లా ఖాళీ.

గద్వాల చీర సంగతే చూద్దాం. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నేయించే ఆసామి పట్టు, జరీ ముందే కొనాలి, మగ్గం మీద మనిషికి మజూరీ ఆపకూడదు. లెక్క కోసం చీరకు ఖర్చు 6,000, అమ్మకం 7,500 అనుకుందాం. దారం కొన్న రోజు నుంచి చీర షాపు చేరేదాకా 20 రోజులు. హైదరాబాద్ సేటు ఉద్దెర తీర్చడానికి ఇంకో 90. అంటే ఆ 6,000 రూపాయలు 110 రోజులు బయటే తిరుగుతాయి. రెండు రూపాయల మిత్తికి తెచ్చినవైతే 1,500 లాభంలో దాదాపు 440 మిత్తికే పోతాయి.

దానికన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. 100 చీరలకు సరిపడా 6 లక్షలు సొంతంగా ఉన్నాయనుకోండి. 110 రోజులకో చుట్టు తిరిగితే ఏడాదికి మూడు చుట్లు, 4.5 లక్షల లాభం. సేటు 45 రోజులకే డబ్బిస్తే చుట్టు 65 రోజులకు దిగుతుంది, ఏడాదికి ఐదు చుట్లు, 7.5 లక్షలు. చీర మీద ఒక్క రూపాయి ధర పెంచలేదు చూడండి.

ఇక్కడి ప్రకాశం బజార్‌లో కిరాణా కథ దీనికి ఉల్టా. డీలర్ దగ్గర ఉద్దెరకు తెచ్చిన సబ్బులు, నూనె ప్యాకెట్లు బాకీ గడువు రాకముందే నగదుకు అమ్ముడైతే, డీలర్ పైసలతోనే దుకాణం నడిచినట్టు. మార్జిన్ తక్కువే, టెన్షన్ కూడా తక్కువే. గల్లీ అంతటికీ ఉద్దెర ఖాతాలు తెరిచాడా, కిరాణా ఆయనా చీరల ఆసామి బాటే.

45 రోజులని ఊరికే అనలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే, రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే ‘బ్యాంక్ రేటు’ అనే వడ్డీ రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి ఆదాయపు పన్నులోనూ మెలిక పెట్టారు: గడువు దాటి, ఏడాది చివరికీ తీర్చని బాకీని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. ఈ రక్షణ కావాలంటే ఉత్పత్తిదారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) మాత్రం తప్పనిసరిగా చేయించుకోవాలి.

చట్టం గట్టిదే. కానీ సేటు మీద ఫిర్యాదు చేస్తే రేపటి ఆర్డర్ పోతుందని ఆసామి భయం, ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఒకే షాపును నమ్ముకోవద్దంటాను.

ఇక బ్యాంకు. చిన్న పరిశ్రమలకు రాబోయే ఏడాది అంచనా టర్నోవర్‌లో (మొత్తం అమ్మకంలో) కనీసం 20 శాతం వర్కింగ్ క్యాపిటల్ లిమిట్‌గా, అంటే వ్యాపారం నడపడానికి వాడుకోగల అప్పు పరిమితిగా ఇవ్వాలన్నది పద్ధతి. మన ఆసామి మూడు చుట్ల అమ్మకం 22.5 లక్షలు, అంటే 4.5 లక్షల లిమిట్ అడగొచ్చు. అమ్మకమంతా తెల్ల చీటీల మీదే నడిపినవాళ్లు ఆ టర్నోవర్‌ను మేనేజరుకు ఏం పెట్టి చూపిస్తారు? బిల్లుల విషయంలో సందేహాలుంటే ఇప్పుడే అడగండి.