ఆదివారం ఊరికే రాలేదు

శ్రోతలకు నమస్కారం.

సోమవారం ఆఫీసులో ఎవరినైనా "నిన్న ఏం చేశారండీ?" అని అడిగి చూడండి. "ఏమీ చేయలేదండీ, ఊరికే కూర్చున్నాను" అని చెప్పేవాళ్ళు బహు తక్కువ. చెప్పినా ఏదో తప్పు చేసినట్టు నసుగుతూ చెబుతారు. అదే బండి సర్వీసింగుకి ఇచ్చాను, బీరువా సర్దాను, రెండు పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చాను అనేవాళ్ళు మాత్రం దర్జాగా చెబుతారు. ఇవాళ నన్ను ఊరికే కూర్చోవడం గురించి మాట్లాడమన్నారు. దాని కోసం నిన్నటి నుంచి కూర్చోకుండా హైరానా పడుతున్నాను. అది వేరే సంగతి లెండి.

ఊరికే కూర్చోవడానికి మనకు వారానికి ఒక రోజు ఉంది. ఆ రోజు మాత్రం ఊరికే రాలేదు. ఆ కథ నాకు చాలా ఇష్టం.

నారాయణ మేఘాజీ లోఖండే అని ఒకాయన ఉండేవారు. 1848లో పుట్టారు. చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, బొంబాయిలో ఒక బట్టల మిల్లులో స్టోర్‌కీపరుగా చేరారు. కూలీల బతుకు ఎలా ఉంటుందో అక్కడ కళ్ళారా చూశారు. పొద్దు పొడిస్తే పని మొదలు, పొద్దు గూకితే పని ముగింపు. మిల్లుల్లో ఇంకా కరెంటు దీపాలు లేవు కాబట్టి సూర్యుడే గడియారం. ఎండాకాలం పొద్దు ఎక్కువ కదండీ, అందుకని పనీ ఎక్కువే. ఒళ్ళు మాడే మే నెలలో కూడా పదమూడు, పద్నాలుగు గంటలు ఆ దూది నుసిలో నిలబడాలి. పెద్ద పండగలకు మిల్లు మూసేవారు. ఆదివారం మాత్రం లేదు. ఒకవేళ ఆదివారం మిషన్లు ఆపినా, వాటిని తుడవడానికి మళ్ళీ ఆ కూలీలే రావాలి. మిషన్‌కి విశ్రాంతి ఉంది, మనిషికి లేదు. 1881లో ఒక ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. పని గంటల విషయంలో అది పిల్లల గురించే మాట్లాడింది. అదైనా ఏమంది? ఏడేళ్ళు నిండిన పిల్లలతో రోజుకి తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదంది! పెద్దవాళ్ళ ఊసే లేదు.

లోఖండే జ్యోతిరావు ఫూలే అనుచరుడు. బొంబాయిలో ఫూలే ఉద్యమానికి రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి తెలుగు కాంట్రాక్టర్లు కూడా అండగా నిలిచారు. 'దీనబంధు' అనే పత్రిక నడుపుతూ, 1884లో కూలీలను ఒకచోట చేర్చారు లోఖండే. వాళ్ళు అడిగినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అన్నం తినడానికి అరగంట, జీతం సకాలానికి. అంతే. ఆదివారమే ఎందుకు? ఆదివారం ఖండోబా దేవుడి వారం. మన కొమురవెల్లి మల్లన్న జాతర కూడా ఆదివారాలే జరుగుతుంది కదా! ఆ మల్లన్నే అక్కడి ఖండోబా.

యజమానులు కుదరదన్నారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ కుదరదన్నారు. ఆరేళ్ళు గడిచాయి. 1890 ఏప్రిల్ 24న బొంబాయిలో పెద్ద సభ పెట్టారు. సుమారు 10 వేల మంది కూలీలు వచ్చారు. ఆ సభలో ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆ రోజుల్లో, అంతమంది ఎదుట, ఆదివారం కావాలని అడిగారు. ఆ జూన్ 10న మిల్లు యజమానుల సంఘం తలొగ్గింది. మరుసటి ఏడాది వారానికో సెలవు చట్టంలోకీ ఎక్కింది. లోఖండే 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే ప్లేగుతో పోయారు. 2005లో ఆయన పేరిట తపాలా బిళ్ళ వచ్చింది.

నా మనసు మాత్రం ఆ ఇద్దరు ఆడవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళ మాటకు మిల్లు ఆగింది. మరి ఇంట్లో పొయ్యి ఆగిందా? ఆగి ఉండదనే నా అనుమానం.

ఎందుకంటే ఇప్పటికీ ఆగలేదు. మన ఆదివారం చూడండి. పొద్దున్నే పూరీలు, బంగాళాదుంప కూర. మధ్యాహ్నం కోడికూర, బగారా అన్నమో పులావో, ఒక చారు. చుట్టాలొస్తే ఇంకో రెండు. భోంచేసి ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోన్ చూస్తూ కునుకు తీస్తారు. వంటింట్లో ఆవిడ కుక్కరు అడుగున పట్టిన మాడు గీకుతూ ఉంటుంది. ఆ గరగర చప్పుడుకి నిద్ర చెడిందని ఈయన విసుక్కుంటారు. మిగతా ఆరు రోజులూ ఒక డ్యూటీ, ఆదివారం డబుల్ డ్యూటీ.

ఈమధ్య కొందరు పెద్దలు వారానికి డెబ్బై గంటలు పని చేయాలి, తొంభై గంటలు చేయాలి అంటున్నారు. ఈ వంటింటి గంటలు కూడా కలిపి లెక్కేస్తే మనవాళ్ళు చాలామంది ఆ తొంభై ఎప్పుడో దాటేశారు.

అందుకని నేను చెప్పేది ఒక్క పనే. పని కాదు, పని మానడం. ఆదివారం రాత్రి పొయ్యి వెలిగించకండి. "దానిదేముంది, బయట నుంచి ఆర్డర్ పెడదాం" అంటారు. మరి ఆ తెచ్చే కుర్రాడికి ఆదివారం వద్దా? మధ్యాహ్నం అన్నం ఓ గుప్పెడు ఎక్కువ వండితే రాత్రికీ సరిపోతుంది. ఫ్రిజ్‌లో పెరుగుంటుంది, జాడీలో ఆవకాయ ఉంటుంది. ఎవరి కంచం వాళ్ళు కడుక్కోవాలి. ఆ మిగిలిన గంటన్నర ఏం చేయాలని మాత్రం అడక్కండి. బట్టలు మడతపెట్టొచ్చు కదా అని అస్సలు అనుకోకండి. ఏమీ చేయకండి.

మొదటి వారం పిల్లలు వంటింట్లోకి తొంగిచూసి "రాత్రికి ఏంటి?" అని అడుగుతారు. "ఇవాళ వంటకి సెలవు" అని చెప్పాలి. ఆ మాట చెప్పాల్సింది అమ్మ కాదు, సోఫాలో ఉన్న నాన్న.

నమస్కారం.