పొగకు పెల్లెట్ గ్రిల్, సెగకు కుంపటి

(సైనిక్‌పురిలో, ఇంటి వంట మీద ఆసక్తి ఉన్నవాళ్లు నెలకోసారి కలుసుకునే చోట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మన భాషలో పొగబెట్టడం అంత మర్యాదైన పని కాదు. చుట్టం ఎన్నాళ్లకీ కదలకపోతే పొమ్మనలేక పొగబెడతాం. మూడేళ్లుగా మా డాబా మీద జరుగుతున్నది దానికి తలకిందులు. ఆదివారం పొద్దున పొగ లేస్తే చాలు, మధ్యాహ్నానికి పిలవని చుట్టాలు కూడా దిగుతున్నారు. ఆ ధైర్యంతోనే ఇక్కడ మైకు పట్టుకున్నాను.

మొదటి పెల్లెట్ గ్రిల్ ఏది కొనాలో చెప్పమన్నారు. కంపెనీ పేరు చెప్పి కూర్చుంటే రెండు నిమిషాల పని. అది చెయ్యను. ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఏది కొనాలో మీరే తేల్చుకుంటారు.

చూడ్డానికి బొగ్గుల పొయ్యిలా ఉంటుంది గానీ అది జాతికి ఓవెన్. పక్కన హాపర్ అని ఒక డబ్బా ఉంటుంది. అందులో ఎనిమిదో పదో కిలోల కట్టె గుళికలు పోస్తాం. అవే పెల్లెట్లు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొదటిరోజు వాటిని చూసి, "ఎన్ని కోళ్లు తెస్తున్నారు సార్?" అంది. నిజంగానే కోళ్ల దాణాలా ఉంటాయి. రంపపు పొట్టును అచ్చుల్లోంచి గట్టిగా ఒత్తి తీస్తారు, సుమారు ఆరు మిల్లీమీటర్ల లావు. మంచివాటిలో వేరే జిగురు కలపరు. కట్టెలోనే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. ఒత్తిడికి పుట్టిన వేడికి అది మెత్తబడి, చల్లారాక పొట్టుని పట్టేసుకుంటుంది.

హాపర్ అడుగున ఆగర్ అని ఒక స్క్రూ. ఖీమా మెషీన్‌లో మాంసాన్ని ముందుకు తోసే స్క్రూ చూశారు కదా, అదే వరస. అది గుళికల్ని కొంచెం కొంచెంగా నిప్పుగిన్నెలోకి నెడుతుంది. అక్కడ ఒక కడ్డీ ఎర్రగా కాలి వాటిని అంటిస్తుంది, ఫ్యాను గాలి ఊదుతుంది. లోపలి వేడిని చూసుకుంటూ ఎంత దాణా వెయ్యాలో కంట్రోలర్ తేల్చుకుంటుంది. నిప్పుగిన్నె మీద ఒక ఇనుప రేకు, దాని మీద కొవ్వు కారిపోయే పళ్లెం, ఆ పైన జాలీ, జాలీ మీద మన మాంసం. ఆ ఇనుప రేకును కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

దీన్ని 1985లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో జో ట్రేగర్ తయారుచేశాడు. ఆ కుటుంబానిది ఇళ్లకు వెచ్చదనం ఇచ్చే పొయ్యిల వ్యాపారం. పెల్లెట్లు కూడా అసలు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి వచ్చినవే. పేటెంటు గడువు తీరాక మిగతా కంపెనీలు దిగాయి. ఈ పుట్టుక ఎందుకు చెప్పానంటే, గంటల తరబడి ఒకే వేడి నిలబెట్టడం దాని రక్తంలో ఉంది. భగ్గున మండడం లేదు.

ఆ సంగతి నాకు వంకాయ నేర్పింది. గ్రిల్ చేతికొచ్చిన కొత్తలో కాల్చిన వంకాయ పచ్చడి చేద్దామని నాలుగు పెద్ద వంకాయలు జాలీ మీద పెట్టి 110 డిగ్రీలకు తిప్పాను. గంటన్నర తర్వాత చూస్తే మెత్తబడ్డాయి, పొగ వాసన ఉంది, తొక్క మాత్రం ఎక్కడా మాడలేదు. మా అమ్మ ఒక ముద్ద తిని, "ఉడకబెట్టావా?" అంది. కాల్చిన వంకాయ రుచంతా తొక్క మాడి, ఆ మాడు వాసన లోపలికి దిగడంలో ఉంది. దానికి నిప్పు ఎదురుగా తగలాలి. ఇక్కడ నిప్పుకీ వంకాయకీ మధ్య ఆ ఇనుప రేకు అడ్డం. వేడిగాలి మాత్రమే చుట్టూ తిరుగుతుంది.

మాంసం పైభాగాన్ని పెద్ద వేడి మీద ఎర్రగా కాల్చడాన్ని అమెరికావాళ్లు సియరింగ్ అంటారు, మనకది కొత్త విద్యేమీ కాదు. పత్థర్ కా గోష్త్ అంటే ఏమిటి? బొగ్గుల మీద గ్రానైటు పలకను కాల్చి, దాని మీద పల్చటి మాంసం పరచడం. మాంసం పైన తడి ఆరి, 140 డిగ్రీలు దాటాక ఎర్రబడ్డం మొదలవుతుంది. లోపల ఉడికిపోకముందే పైన అది జరగాలంటే పెనమైనా రాయైనా చాలా ఎక్కువ వేడి మీద ఉండాలి. బొగ్గుల మీద ఇనుప పెనం 300 డిగ్రీలు సునాయాసంగా దాటుతుంది. మామూలు పెల్లెట్ గ్రిల్ 230 నుంచి 260 దగ్గర ఆగిపోతుంది, అదీ గాలి వేడి. గాలికీ ఇనుముకీ తేడా ఉంది. 200 డిగ్రీల ఓవెన్‌లో చెయ్యి పెట్టి వెంటనే తీసెయ్యొచ్చు, 200 డిగ్రీల పెనాన్ని ముట్టుకోలేం.

కొన్ని మోడళ్లలో ఆ రేకు మధ్య భాగం పక్కకు జరుగుతుంది. అప్పుడు మంట నేరుగా పైకొస్తుంది. అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో రాసే 'సియర్' ఇదే. పనిచేస్తుంది, కాదనను. కానీ సియర్ అయ్యే చోటు చిన్నది, నాలుగు చాప్స్ పడితే ఎక్కువ. కొవ్వు కారి నిప్పుగిన్నెలో పడితే శుభ్రం చేసే పని మనదే. ఈ ఒక్క సదుపాయం కోసం ధర బాగా పెరుగుతుంటే నేనైతే కొనను. ఆ డబ్బుతో ఒక మంచి పోత ఇనుప పెనం, ఒక కుంపటి వస్తాయి, ఇంకా మిగులుతుంది. చాప్స్‌ని గ్రిల్‌లో 110 దగ్గర పొగబెట్టి, లోపల 55 డిగ్రీలకు రాగానే తీసి, కుంపటి మీద కాలుతున్న పెనంలో ఒక్కో వైపు నిమిషం. అంతే.

మరి గ్రిల్ ఎందుకు? దస్తీ కోసం.

కసాయి దగ్గర అందరూ రాన్, అంటే వెనక తొడ, అడుగుతారు. మొదటిసారి పొగబెట్టేవాళ్లు దస్తీ అడగండి. ముందు కాలు భుజంతో సహా, ఎముక కొట్టించకుండా. మేక రాన్‌లో కొవ్వు తక్కువ, త్వరగా ఎండిపోతుంది. దస్తీలో కొల్లాజెన్ ఎక్కువ. పాయా రసం చల్లారితే గడ్డకడుతుంది చూడండి, కొల్లాజెన్ కరిగితే వచ్చేది అదే. అది కరగాలంటే సమయం కావాలి. 120 డిగ్రీల్లో పెడితే లోపల 90 దాటడానికి నాకు ఐదారు గంటలు పడుతోంది. హలీం భట్టీ దగ్గర రాత్రంతా కూర్చునే మనిషి పనిని ఇక్కడ కంట్రోలర్ చేస్తుంది.

మధ్యలో ఒక భయం వస్తుంది. లోపల 65, 70 దాకా చకచకా ఎక్కిన అంకె అక్కడ ఆగిపోతుంది. గంట గడిచినా కదలదు. మొదటిసారి నేను మెషీన్ పాడైందనుకున్నాను. జరిగేదేమిటంటే, మాంసం పైన చెమ్మ ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తోంది. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో అందుకే. ఓపిక ఉంటే ఆగండి, లేదా అరటాకు చుట్టి, పైన ఫాయిల్ చుట్టి మళ్లీ పెట్టండి. పొగ పట్టేది ఎక్కువగా మొదటి గంటల్లోనే, మాంసం చల్లగా, తడిగా ఉన్నప్పుడు. కాబట్టి చుట్టడం వల్ల పొగ రుచి పెద్దగా పోదు. తెల్లటి దట్టమైన పొగ చూసి సంబరపడొద్దు, అది చేదు. కనీకనపడని లేత నీలం పొగ మంచిది. అయినా పెల్లెట్ పొగ మెతకే. బొగ్గుల మీద పెరిగిన నాలుకకు చాలదనిపిస్తే, బొక్కలున్న స్టీలు గొట్టంలో గుళికలు నింపి అంటించి మాంసం పక్కన పెట్టండి.

ఇక కరెంటు. ఇక్కడ నా పరువు కొంచెం పోతుంది, ఫర్వాలేదు. మా బావమరిది డాలస్ నుంచి సామాను సర్దుకుని వచ్చేస్తూ తన గ్రిల్ కూడా కంటైనర్లో వేసుకొచ్చి నాకిచ్చాడు. అక్కడ 120 వోల్టులు. నేను ఆత్రంగా మన 230లో పెట్టేశాను. ఆ గ్రిల్ మొదటిపొగ మాంసానికి పట్టలేదు, సర్క్యూట్ బోర్డుకు పట్టింది. కొత్త బోర్డు తెప్పించి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. పొగ బాగానే వచ్చింది గానీ ఎంత తిప్పినా పై వేడి ఎక్కదు. తర్వాత తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఆగర్ తిప్పే ఏసీ మోటారు ఆరో వంతు నెమ్మదించింది, దాణా చాలలేదు. అందుకని అమెరికా చుట్టాలు ఉచితంగా ఇస్తామన్నా ముందు వెనకున్న ప్లేటు ఫోటో అడగండి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉండాలి. డీసీ మోటార్లున్నవాటికి హెర్ట్జ్ బెడద లేదు, సరైన అడాప్టర్ ఉంటే చాలు.

కరెంటు పోతే? ఫ్యాను ఆగుతుంది, ఆగర్ ఆగుతుంది, గిన్నెలో నిప్పు మాత్రం ఉంటుంది. అది మెల్లగా ఆగర్ గొట్టంలోంచి హాపర్ వైపు పాకే ప్రమాదం ఉంది. అంటించే కడ్డీ మొదటి కొద్ది నిమిషాలు 300 వాట్ల దాకా లాగుతుంది, తర్వాత మొత్తం గ్రిల్‌కి 50 వాట్లు అటూఇటూ. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సరిపోతుంది, సైన్‌వేవ్‌దైతే మంచిది. ఆరిపోయిన గ్రిల్‌ని మళ్లీ వెలిగించేముందు మూత తెరిచి, చల్లారిన గిన్నెలో మిగిలిన గుళికలు తీసెయ్యండి. గిన్నె నిండుగా ఉండగా వెలిగిస్తే పొగ పోగుపడి మూత ఎగిరేంత ఊపుతో అంటుకోవచ్చు.

వానాకాలం పెల్లెట్లకు శత్రువు. తడి తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టు అయిపోతాయి, ఆగర్‌లో చేరి సిమెంటులా బిగుసుకుంటాయి. జులై వస్తే నేను వంటయ్యాక హాపర్ ఖాళీ చేసి బియ్యం డ్రమ్ములో పోసి మూత బిగిస్తాను. మంచి గుళిక నున్నగా మెరుస్తుంది, విరిస్తే టక్కున విరుగుతుంది. ఇంకోమాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర బాయిలర్లకు వాడే బయోమాస్ పెల్లెట్లు చవగ్గా దొరుకుతాయి. వేరుశనగ పొట్టు, పొలం చెత్త, ఎక్కడిదో తెలియని రంపపు పొట్టు అందులో ఉండొచ్చు. రంగు పూసిన చెక్క, ప్లైవుడ్ పొట్టు కలిసినా మనకు తెలియదు. వంటకని తయారుచేసినవే కొనండి. గంటకు అర కిలో, పెద్ద మంటలో కిలో పైన ఖర్చవుతాయి కాబట్టి గ్రిల్ ధర చూసేముందు సంచి ధర, అది ఏడాది పొడుగునా దొరుకుతుందా అన్నది చూడండి. దొరక్కపోతే మీరు కొన్నది డాబా మీద అలంకారం. కట్టెల్లో యాపిల్, చెర్రీల పొగ మెత్తన, హికరీది ఘాటు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, వాసనా అంతే మొండి. కోడికి వద్దు.

మిగతావి గబగబా. నలుగురైదుగురు ఉన్న ఇంటికి ఒక దస్తీ, రెండు కోళ్లు పట్టే సైజు చాలు. పెద్దది వేడెక్కడానికే దాణా తింటుంది. మూత ఎత్తి చూడండి, రేకు పల్చగా ఊగుతుంటే వదిలెయ్యండి. కంట్రోలర్ పీఐడీదైతే, అంటే వేడి తేడాని బట్టి దాణాని ఎప్పటికప్పుడు సర్దుకునే రకమైతే, వేడి నిలకడగా ఉంటుంది. మాంసంలో గుచ్చి వేడి కొలిచే ప్రోబ్‌లు రెండుండాలి. కోడి లోపల 74 రాకుండా తియ్యొద్దు. ఫోన్‌లో యాప్ లేకపోయినా వంట అవుతుంది. బూడిద తీసే దారి సులువుగా ఉందో లేదో షాపులోనే అడగండి, కొవ్వు పళ్లెం కడగని గ్రిల్ ఏదో ఒకరోజు అంటుకుంటుంది. బాల్కనీలో పెట్టొద్దు. డాబా అయినా అసోసియేషన్‌తో ముందే మాట్లాడండి. మా పై ఫ్లాటు శాకాహారులు. నేను పొగబెట్టిన టమాటాలతో పచ్చడి చేసి ఒక సీసా పంపాక వాళ్ల అభ్యంతరం తగ్గింది. ఇప్పుడు పనీర్ వాళ్లే తెచ్చిస్తున్నారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి దస్తీ ఎక్కిస్తున్నాను. కరెంటు సహకరిస్తే ఒంటిగంటకు భోజనం. వీలైనవాళ్లు రండి. వచ్చేటప్పుడు వంకాయలు తీసుకురండి, పక్కన కుంపటి కూడా అంటించి ఉంచుతాను.