డాక్టర్ కావాలనుకున్న కుర్రాడి చేతిలో ట్రంపెట్: 'ఎన్నియో' రివ్యూ

నమస్తే అండీ! ఈ వారం కొత్త రిలీజ్ కాదు, ఒక డాక్యుమెంటరీ. జుసెప్పే టోర్నటోరే 2021లో తీసిన 'ఎన్నియో'. ఇటలీ సినిమా సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే గురించి. ఆ పేరు చెబితే చాలామందికి వెంటనే తట్టకపోవచ్చు. కానీ ఇటాలియన్ కౌబాయ్ సినిమాలకు ఆయన కట్టిన ఆ విజిల్... (విజిల్ వేసి) ఇది తెలియనివాళ్లెవరు చెప్పండి? 1971లో మన కృష్ణగారు 'మోసగాళ్లకు మోసగాడు'లో గుర్రమెక్కింది కూడా ఆ ఇటాలియన్ కౌబాయ్ సినిమాల ఊపులోనే.

ఆయన పుట్టింది 1928లో, రోమ్‌లో. డాక్టర్ అవుదామనుకున్నారట. నాన్నేమో ట్రంపెట్ వాయించేవారు, కొడుక్కీ అదే పట్టించారు. యుద్ధకాలంలో సైనికుల దగ్గర వాయించి తిండి సంపాదించుకున్న రోజులు కూడా చూశారు. ఆ తర్వాత పెట్రాస్సి అనే పెద్దాయన దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కంపోజిషన్ నేర్చుకున్నారు. చిక్కంతా అక్కడే. ఆ శాస్త్రీయ సంగీత వర్గానికి సినిమా సంగీతమంటే చిన్నచూపు. గురువుగారు ఏమనుకుంటారో అన్న బెంగ ఈయన్ని ఎన్నో ఏళ్లు వదల్లేదు. నన్ను పట్టేసింది విజిల్ కాదండీ, ఈ బెంగే.

రేకు డబ్బా దొర్లే చప్పుడును పాప్ పాటలో వాడేసిన మనిషాయన. డైరెక్టర్ సెర్జియో లియోనె చిన్నప్పటి క్లాస్‌మేట్ అని తెలిశాక, 1964లో ఇద్దరూ కలిసి చేసిన కౌబాయ్ సినిమాతో దశ తిరిగింది. తమాషా ఏంటంటే, అమెరికన్ సినిమాలా కనిపించాలని టైటిల్స్‌లో ఆయన పేరు 'డాన్ సావియో' అని వేశారు!

ఇక 'ది మిషన్' ముచ్చట. ఆ ఒక్క భాగం కోసమైనా ఇది చూడాలి. 1986 సినిమా. ముందు ఒప్పుకోలేదట, దీనికి సంగీతం అక్కర్లేదన్నారట. ఒప్పుకున్నాక పని చూడండి: తెర మీద పాదిరీ ఓబో (నోటితో ఊదే వాద్యం) వాయిస్తాడు, ఆ సీన్ అప్పటికే తీసేశారు. అంటే నటుడి వేళ్లు ఎలా కదిలాయో ట్యూన్ అలా కుదరాలి. దాని పక్కన చర్చి కోరస్, ఇంకోపక్క అడవి జనాల లయ. మూడూ విడివిడిగా పుట్టి, చివరికి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. పెద్దాయన నోటితో పాడుతూ అది విడమరుస్తుంటే నేను వీడియో మూడుసార్లు వెనక్కి తిప్పాను.

ఆస్కార్ మాత్రం ఆ ఏడాది రాలేదు. 2007లో గౌరవ పురస్కారం ఇచ్చారు, పోటీలో గెలిచింది మాత్రం 2016లో, 87 ఏళ్ల వయసులో!

నచ్చనిది కూడా చెప్పాలిగా. రెండున్నర గంటలకు పైనే నిడివి. చివరి అరగంట సెలబ్రిటీలు వరసగా వచ్చి పొగడటమే, సన్మాన సభలా ఉంది. టోర్నటోరే ఆయనతో ఏళ్ల తరబడి పనిచేసినవాడు, ఆ అభిమానం కత్తెరకు అడ్డం పడింది. ఆ టైం వాళ్లావిడ మరియాగారికి ఇచ్చి ఉంటే బాగుండేది. ఎందుకంటే ఏ ట్యూనైనా ముందు ఆవిడే వినాలి. ఆవిడ ఓకే అన్నవే డైరెక్టర్ దాకా వెళ్లేవి.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం చూడకండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.