పారలు పట్టిన నగరం

శ్రోతలకు నమస్కారం.

1941 జూన్ 22, ఆదివారం. లెనిన్‌గ్రాడ్‌లో రాత్రిపూట కూడా పూర్తిగా చీకటి పడని రోజులవి. ఇప్పుడు మనం సెయింట్ పీటర్స్‌బర్గ్ అని పిలుస్తున్న నగరమే అది. ఆ తెల్లవారుజామున హిట్లర్ సైన్యం సోవియట్ సరిహద్దు దాటింది. వారం తిరక్కముందే నగరపాలక సంస్థ ఒక ఉత్తర్వు తెచ్చింది. పదహారేళ్లు నిండిన వాళ్లలో యాభై ఏళ్ల దాకా మగవాళ్లు, నలభై అయిదేళ్ల దాకా ఆడవాళ్లు రక్షణ పనులకు రావాలని దాని సారాంశం. మగవాళ్లలో చాలామంది అప్పటికే సైన్యంలోకి వెళ్లిపోయారు. ఇక మిగిలింది ఆడవాళ్లు, కాలేజీ విద్యార్థులు, బడి పిల్లలు, వయసు మళ్లినవాళ్లు. వీళ్ల చేతికి పారలు ఇచ్చారు.

నగరానికి దక్షిణాన, వంద కిలోమీటర్లకు పైగా దూరంలో లూగా అనే నది ఉంది. ఆ నది వెంట ట్యాంకులు దాటలేని కందకాలు తవ్వాలి. జూలై, ఆగస్టు నెలల్లో దాదాపు అయిదు లక్షల మంది ఇలాంటి పనుల్లోకి దిగారు. టైపిస్టులు, టీచర్లు, లైబ్రరీల్లో పనిచేసేవాళ్లు, అంతకుముందు ఎన్నడూ మట్టిపని చేసి ఎరగనివాళ్లు వాళ్లలో ఉన్నారు. రెండు మూడు రోజుల పనేలే అనుకుని వేసవి గౌనుల్లో, పలచటి చెప్పుల్లో వచ్చినవాళ్లు వారాల తరబడి అక్కడే ఉండిపోయారు. గడ్డివాముల్లో పడుకున్నారు. చేతులు బొబ్బలెక్కితే గుడ్డపీలికలు చుట్టుకుని మళ్లీ పార పట్టారు. జర్మన్ విమానాలు కిందికి దిగివచ్చి మెషిన్‌గన్నులతో కాల్చేవి. కాల్చని రోజున కరపత్రాలు జల్లేవి. మీరు తవ్వే గోతులు మా ట్యాంకులకు ఒక లెక్కా అని వాటిలో వెక్కిరింపు.

లెక్కలోకే వచ్చాయి. జూలై మధ్యలో లూగా దగ్గరకు చేరిన జర్మన్ సేనలు ఆగస్టు రెండో వారం దాకా ముందుకు కదలలేకపోయాయి. సైన్యం ప్రాణాలొడ్డి పోరాడిన మాట నిజం. ఆ సైన్యం కాలూనడానికి చోటు తవ్వింది మాత్రం ఈ చేతులే. నగరానికి దాదాపు ఒక నెల దొరికింది. యుద్ధంలో నెల అంటే ఎంతో పెద్ద వరం.

ఇక మిలీషియా, అంటే మామూలు జనంతో కట్టిన స్వచ్ఛంద దళాల సంగతి. జూలై మొదట్లో కిరోవ్ ఫ్యాక్టరీ కార్మికులు పేర్లు రాయించుకోవడానికి బారులు తీరారు. నగరం మొత్తం మీద లక్షకు పైగా జనం స్వచ్ఛందంగా చేరారు. ప్రొఫెసర్లున్నారు, లేత్ మెషిన్ మీద పనిచేసేవాళ్లున్నారు, సంగీత కళాకారులున్నారు. కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, తుపాకులు అందరికీ సరిపోకపోయినా, పెట్రోలు నింపిన సీసాలు చేతికిచ్చి ట్యాంకుల ఎదుటికి పంపారు. వేలల్లో చనిపోయారు. వాళ్ల ధైర్యానికి నేను తల వంచుతాను. అలా పంపినవాళ్లను మాత్రం క్షమించలేను. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు.

పిల్లల విషయంలో ఇంకా ఘోరం జరిగింది. నగరం మీద బాంబులు పడతాయేమోనని తల్లులకు దూరంగా పిల్లలను రైళ్లెక్కించి పల్లెలకు పంపారు. అలా పంపిన పల్లెల్లో చాలా వరకు నగరానికి దక్షిణంగా, సరిగ్గా జర్మన్ సైన్యం వస్తున్న దారిలోనే ఉన్నాయి. జూలై 18న లిచ్కొవొ అనే స్టేషన్‌లో పిల్లలున్న రైలు మీద బాంబులు పడ్డాయి. ఆ కబురు విన్న తల్లుల టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. దొరికిన బండి పట్టుకుని, నడిచి, పిల్లలను వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ నగరానికే తెచ్చుకున్నారు. కొద్ది వారాలకు ఆ నగరం చుట్టూనే ఉచ్చు బిగిసింది.

సెప్టెంబర్ 8న ష్లిసెల్‌బర్గ్ పట్టణం జర్మన్ల చేతికి చిక్కింది. నేల మీద దారులన్నీ మూసుకుపోయాయి. లోపల సుమారు 25 లక్షల జనం, వాళ్లలో నాలుగు లక్షల మంది పిల్లలు. సరిగ్గా ఆ సాయంత్రమే ఆరు వేలకు పైగా నిప్పు బాంబులు నగరం మీద కురిశాయి. బదాయెవ్ గోదాముల్లో పిండి, చక్కెర తగలబడ్డాయి. కరిగిన చక్కెర మట్టిలోకి ఇంకింది. తర్వాత ఆకలి రోజుల్లో జనం ఆ తీపి మట్టిని తవ్వి, నీళ్లలో కలిపి వడకట్టుకుని తాగారు. ఆ గోదాములు కాలడం వల్లే కరువు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అక్కడున్న సరుకు అంత పెద్ద ఊరికి కొద్ది రోజులకు మించి వచ్చేది కాదు. దారులు మూసుకుపోవడమే అసలు కారణం.

నిప్పు బాంబుల మీద జనం చేసిన యుద్ధం నా మనసుకు బాగా పట్టింది. ఆ బాంబు బరువు సుమారు కిలో. కప్పు చీల్చుకుని అటక మీద పడి భగ్గున మండుతుంది. అటకల నిండా పాత చెక్క దూలాలు. అందుకని పొలాలకు వేసే సూపర్ ఫాస్ఫేట్ ఎరువుతో ఒక పూత తయారుచేసి ఆ దూలాలకు పట్టించారు. అది పూస్తే చెక్క తొందరగా అంటుకోదు. ప్రతి మేడ మీదా ఇసుక, నీళ్ల తొట్టి, పొడుగాటి పట్టకార్లు సిద్ధంగా ఉండేవి. రాత్రిపూట వంతుల ప్రకారం గృహిణులు, పన్నెండు పద్నాలుగేళ్ల పిల్లలు కాపలా కాసేవారు. బాంబు పడగానే పరుగెత్తి, పట్టకారుతో పట్టుకుని ఇసుకలో గుచ్చడమో, నీళ్లలో వేయడమో, వీధిలోకి విసిరేయడమో చేసేవారు. సంగీతకారుడు షొస్తకోవిచ్ కూడా కన్జర్వేటరీ అనే సంగీత కళాశాల మేడ మీద ఇలాగే కాపలా కాశాడు. మిలీషియాలో చేరతానంటే చూపు సరిగా లేదని ఆయన్ని తీసుకోలేదు. సెప్టెంబర్ 17న ఆయన రేడియోలో మాట్లాడుతూ, కొత్త సింఫనీలో రెండో భాగం ఇప్పుడే రాసి ముగించానని చెప్పాడు. నగరంలో మామూలు పని ఆగలేదని జనానికి తెలియాలన్నది ఆయన ఉద్దేశం.

రేడియో మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. అక్కడ ఇళ్లలో రేడియో అంటే గోడకు తగిలించిన నల్లటి పళ్లెం లాంటి లౌడ్‌స్పీకరు. తీగ ద్వారా స్టేషన్ నుంచి శబ్దం వస్తుంది. కార్యక్రమాలు లేని వేళ అందులో మెట్రొనోమ్ కొట్టుకునేది. సంగీతం నేర్చుకునేవాళ్లు తాళం కోసం పెట్టుకునే పరికరం అది. నెమ్మదిగా కొట్టుకుంటుంటే ప్రమాదం లేదని, వేగం పెరిగితే విమానాలు వస్తున్నాయని అర్థం. చీకటి గదిలో ఆ టక్ టక్ వినిపిస్తున్నంత సేపు నగరం ఇంకా బతికే ఉందని జనం ధైర్యం తెచ్చుకునేవారు. స్టూడియోలో మైకు ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ శబ్దం గుర్తొస్తుంది.

హిట్లర్ లొంగుబాటు కూడా కోరలేదు. లొంగిపోతామన్నా ఒప్పుకోవద్దని, నగరాన్ని నేలమట్టం చేయాలని సెప్టెంబర్ చివర్లో జర్మన్ సైన్యానికి ఆదేశాలు అందాయి. నవంబర్ 20కల్లా ఫ్యాక్టరీల్లో పనిచేయని వారికి రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే మిగిలింది. ముట్టడి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు సాగింది. చరిత్రకారుల్లో చాలామంది లెక్క ప్రకారం ఎనిమిది నుంచి పది లక్షల మంది పౌరులు చనిపోయారు. ఆ చలికాలం గురించి మరో ప్రసంగంలో చెబుతాను.

ఈ రోజుకు పారల దగ్గరికే తిరిగి వస్తాను. నగరం నడిబొడ్డున అనీచ్‌కొవ్ వంతెన మీద నాలుగు కంచు గుర్రాలున్నాయి. ముట్టడి మొదలైన ఆ శరదృతువులో వాటిని కిందికి దించి, పక్కనే ఉన్న రాజభవనం తోటలో గోతులు తీసి పాతిపెట్టారు. 1945లో తవ్వి తీసి మళ్లీ వాటి చోట నిలబెట్టారు. ఫిరంగి గుండు తగిలి ఒక పీఠం రాయి పెచ్చులూడిపోయింది. దాన్ని బాగుచేయకుండా అలాగే వదిలేసి పక్కన చిన్న ఫలకం పెట్టారు. నగరం మీద పడిన 1,48,478 గుండ్లలో ఒకదాని గుర్తు ఇది అని దాని మీద రాసి ఉంటుంది.

నమస్కారం.